మన పెద్దాళ్ల కథలకి గ్రాంట్ ఎవరిస్తారండీ?

ప్రశ్న: నమస్తే అండీ. మేము ఓహాయోలో డేటన్ దగ్గర ఉంటాం. ఆరేళ్లుగా ఒక చిన్న నాన్‌ప్రాఫిట్ నడుపుతున్నాం, ఆదివారం తెలుగు బడి, ఒక గదిలో ఎనిమిదొందల పుస్తకాల లైబ్రరీ, అంతే. మా చుట్టుపక్కల 1970ల్లో వచ్చిన డాక్టర్లు, ఇంజినీర్లు, వాళ్ల భార్యలు చాలామంది ఉన్నారు, దాదాపు అందరికీ ఎనభై దగ్గర పడింది. సంక్రాంతి వెళ్లిన వారానికి ఒకాయన పోయారు, ఆయన దగ్గర కూర్చుని ఒక్క కథన్నా రికార్డ్ చెయ్యలేదే అని చాలా బాధేసింది. అందుకే ముప్పై మందిని ఇంటర్వ్యూ చేసి, పుస్తకం వేసి, కూచిపూడి, సన్మానాలు, డిన్నర్‌తో పెద్ద ఫంక్షన్ చేద్దామని 40,000 డాలర్ల బడ్జెట్‌తో ఒక ఫౌండేషన్‌కి అప్లై చేశాం. రెండు లైన్లలో రిజెక్ట్ చేశారు. మావారేమో ఈ గ్రాంట్ల గోల ఎందుకు, తెలిసినవాళ్ల దగ్గర తలా ఐదొందలు వసూలు చేస్తే అయిపోతుంది అంటున్నారు. పైగా ఫెడరల్ గ్రాంట్లన్నీ కట్ చేశారని వార్తలు. అసలు మన తెలుగువాళ్ల కథలకి ఇక్కడ ఎవరన్నా డబ్బులిస్తారా? ట్రై చెయ్యమంటారా, వదిలెయ్యమంటారా? ఆ ప్రపోజల్ కూడా పంపిస్తున్నా, చూడండి. – ఎస్., డేటన్

జవాబు:

ఎస్. గారూ, ఇస్తారండీ. కాకపోతే మీరు అడిగినదానికి ఇవ్వరు.

మీ ప్రపోజల్ పద్నాలుగు పేజీలూ చదివా. మొదటి వాక్యం "రెండువేల ఏళ్ల ఘనచరిత్ర కలిగిన తెలుగు సంస్కృతిని భావితరాలకు అందించడమే మా ధ్యేయం" అని మొదలైంది, పన్నెండో పేజీలో ఎక్కడో, అదీ ఒక టేబుల్ కింద చిన్న అక్షరాల్లో, "1973లో ఊళ్లో ఒక్క ఇండియన్ షాపు లేని రోజుల్లో హాస్పిటల్ క్వార్టర్స్‌లో ఉన్న అనుభవాలు" అని ఉంది. నాకు అక్కడ ప్రాణం లేచొచ్చింది. కానీ అది చదివేవాడు పన్నెండో పేజీ దాకా రాడండీ. నేను రెండుసార్లు ఇలాంటి గ్రాంట్ రివ్యూ ప్యానెల్లో కూర్చున్నా, ఆదివారం రాత్రి పిల్లలు పడుకున్నాక పాతికా ముప్పై అప్లికేషన్లు ముందేసుకుని చదవాలి, అందులో కనీసం పది "మా ఘన సంస్కృతి" తోనే మొదలవుతాయి, గ్రీకువాళ్లదీ అంతే, పోలిష్ వాళ్లదీ అంతే, మనదీ అంతే. ఎవరి సంస్కృతి ఘనమైనది కాదు చెప్పండి? ఆ మాటకి మార్కులు పడవు.

మార్కులు పడేది ప్రశ్నకి. మీ ప్రపోజల్లో ఫంక్షన్ ఉంది, సన్మానం ఉంది, శాలువాల లెక్క కూడా ఉంది, ప్రశ్న మాత్రం లేదు. డేటన్‌లో పుట్టి పెరిగిన, తెలుగు అంటే ఏంటో తెలియని ఒక రిటైర్డ్ స్కూల్ టీచర్ మీ ప్రోగ్రామ్‌కి ఎందుకు రావాలి, వచ్చి కూర్చుంటే ఆవిడకి ఏం తెలుస్తుంది, ఇది మీరు చెప్పగలిగితే సగం పనైపోయినట్టే. ఎందుకంటే ఇదంతా పబ్లిక్ హ్యుమానిటీస్ డబ్బు, అంటే చరిత్ర, సాహిత్యం లాంటివాటి గురించి జనంతో మాట్లాడించడానికి ఇచ్చేది, పేరులోనే పబ్లిక్ ఉంది. మనవాళ్ల కోసం మనవాళ్లు చేసుకునే పండగ వాళ్ల దృష్టిలో ప్రైవేట్ ఫంక్షన్ కింద లెక్క, అది తప్పని కాదు, దానికి ఈ డబ్బు కాదంతే.

ఇక్కడ కొంచెం పాత సంగతి చెప్పాలి, ఎందుకో మీకే తెలుస్తుంది. నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది హ్యుమానిటీస్, అందరూ ఎన్‌ఈహెచ్ అంటారు కదా, ఈ పనులకి గ్రాంట్లిచ్చే ఫెడరల్ సంస్థ, దాన్ని పెట్టిన చట్టం మీద ప్రెసిడెంట్ జాన్సన్ 1965 సెప్టెంబర్ 29న సంతకం పెట్టాడు. సరిగ్గా నాలుగు రోజుల తర్వాత అక్టోబర్ 3న అదే జాన్సన్ స్టాట్యూ ఆఫ్ లిబర్టీ దగ్గర కూర్చుని ఇంకో చట్టం మీద సంతకం పెట్టాడు, అదే కొత్త ఇమ్మిగ్రేషన్ చట్టం. దానికి ముందు ఇండియాకి కోటా ఏడాదికి 100 మంది, 1946లో ఇచ్చింది, అంతే. అదే 1965 జులైలో మెడికేర్ చట్టం వచ్చింది, ముసలివాళ్లందరికీ హాస్పిటల్ ఖర్చు గవర్నమెంట్ పెట్టుకుంటానంది, దాంతో పేషెంట్లు పెరిగారు, డాక్టర్లు చాల్లేదు, గుంటూరు, కాకినాడ, విశాఖ, హైదరాబాద్ మెడికల్ కాలేజీల్లో చదివినవాళ్లు అక్కడా ఇక్కడా చిన్న ఊళ్ల హాస్పిటళ్లలో రెసిడెన్సీలకి వచ్చి పడ్డారు. మళ్లీ 1976లో ఫారిన్ డాక్టర్లకి రూల్స్ బిగించారు. అంటే మీరు రికార్డ్ చెయ్యాలనుకుంటున్న పెద్దాళ్లు ఆ పదకొండేళ్ల కిటికీలోంచి వచ్చినవాళ్లు. మీకు డబ్బు ఇవ్వాల్సిన సంస్థా, మీ పెద్దాళ్లని ఇక్కడికి తెచ్చిన చట్టమూ నాలుగు రోజుల తేడాతో పుట్టాయండీ! ఇంత మంచి సరుకు చేతిలో పెట్టుకుని రెండువేల ఏళ్ల వెనక్కి ఎందుకెళ్లారో నాకర్థం కాలేదు.

ఇప్పుడు ప్రశ్న రాయండి. నేనైతే ఇలా రాస్తా: "1965 నుంచి 1976 మధ్య ఓహాయో చిన్న ఊళ్లలో మీకు జ్వరమొస్తే చూసిన డాక్టర్ ఎక్కడినుంచి వచ్చాడు, ఎందుకొచ్చాడు, ఊరు అతన్ని ఎలా చూసింది, అతను ఊరిని ఎలా చూశాడు?" దీంట్లో ఆ స్కూల్ టీచర్ కూడా ఉంది చూశారా, ఆవిడ టాన్సిల్స్ తీసింది మనాయనే అయ్యుండొచ్చు. అందుకే ముప్పై మంది తెలుగువాళ్లు వద్దు. పన్నెండు మంది చాలు, అందులో ఎనిమిది మంది మనవాళ్లు, మిగతా నలుగురు వాళ్లతో పనిచేసిన నర్సు, పక్కింటివాళ్లు, పాత పేషెంటు, అలా. ఇంకో మాట, ఆ ఎనిమిదిలో సగం ఆడవాళ్లు ఉండేలా చూడండి. డాక్టర్ గారి కథ ఆయన సన్మాన పత్రాల్లో ఎలాగూ ఉంటుంది, ఆయన ముప్పై ఆరు గంటల డ్యూటీలో ఉంటే మంచులో, డ్రైవింగ్ రాకుండా, చంటిపిల్లతో అపార్ట్‌మెంట్లో ఉన్నావిడ ఏం చేసిందో ఎవరూ అడగలేదు. అడిగితే ఏముందిలేమ్మా నా దగ్గర అంటారు, వదలకండి.

ఇక హ్యుమానిటీస్ అంటే ఏంటనే గొడవ. తెలుగులో మానవీయ శాస్త్రాలు అంటారు గానీ ఆ మాటతో ఎవరికీ ఏమీ అర్థం కాదు, ఇలా చూసుకోండి. బుర్రకథ చెప్పిస్తే అది ఆర్ట్స్. 1940ల్లో ప్రజానాట్యమండలి వాళ్లు, నాజర్ లాంటివాళ్లు, బుర్రకథనే ఎందుకు పట్టుకున్నారు, పోలీసులకి అదంటే ఎందుకు మంట అని ఒక చరిత్రకారుణ్ణి కూర్చోబెట్టి జనంతో మాట్లాడిస్తే అది హ్యుమానిటీస్. మీ కూచిపూడి కూడా అంతే, డాన్స్‌కి డబ్బు కావాలంటే ఓహాయో ఆర్ట్స్ కౌన్సిల్ వేరే ఉంది, అది స్టేట్ గవర్నమెంట్‌ది, అక్కడ అడగండి. రెండూ కలిపి ఒకే అప్లికేషన్లో కుక్కితే రెండుచోట్లా పోతుంది. భోజనాలకి, శాలువాలకి, పూజకి, రాజకీయ ప్రచారానికి హ్యుమానిటీస్ డబ్బు మామూలుగా ఇవ్వరు. కాబట్టి మీ వారు చెప్పింది తప్పేం కాదండీ, ఆయన వసూలు చేసే ఐదొందలు పులిహోరకీ హాల్ డెకరేషన్‌కీ పెట్టండి, అది గ్రాంట్ లెక్కలోకి రానివ్వకండి.

ఎవర్ని అడగాలి అంటే, వాషింగ్టన్‌కి కాదు. ఎన్‌ఈహెచ్ నేరుగా ఇచ్చే పెద్ద గ్రాంట్లు మ్యూజియంలకీ యూనివర్సిటీలకీ సరిపోతాయి, ఎనిమిదొందల పుస్తకాల లైబ్రరీ ఆ అప్లికేషన్ నింపేసరికి ఏడాది గడిచిపోతుంది. మీకు కావాల్సింది స్టేట్ హ్యుమానిటీస్ కౌన్సిల్. 50 రాష్ట్రాలూ, డీసీ, ప్యూర్టోరికో, గువామ్ లాంటివి కలుపుకుని మొత్తం 56 ఉన్నాయి, మీది ఓహాయో హ్యుమానిటీస్, ఆఫీసు కొలంబస్‌లో, మీకు గంటంపావు దూరం. ఇవి గవర్నమెంట్ డిపార్ట్‌మెంట్లు అనుకుంటారు చాలామంది, కాదు, ఇవీ మీలాంటి నాన్‌ప్రాఫిట్లే, కాకపోతే ఎన్‌ఈహెచ్ నుంచి వచ్చిన డబ్బులో కొంత మీలాంటి చిన్నవాళ్లకి మళ్లీ గ్రాంట్లుగా ఇస్తాయి. కాలిఫోర్నియా కౌన్సిల్ క్విక్ గ్రాంట్ అని పెట్టిన రోజుల్లో అది 1,000 నుంచి 5,000 డాలర్లు. అదీ సైజు. 40,000 అనగానే, చరిత్ర లేని సంస్థ ఇంత డబ్బు ఏం చేస్తుందో అనే అనుమానం వస్తుంది, ముందు ఐదువేలు తీసుకుని, లెక్క చెప్పి, రిపోర్ట్ టైంకి ఇచ్చి, తర్వాత పదివేలు అడగండి. మన చీటీల్లో కూడా కొత్తగా చేరినవాడికి మొదటి పాటే ఇస్తారా ఏంటి!

కట్ అయిన వార్తల సంగతి. నిజమే, 2025 ఏప్రిల్ మొదటివారంలో ఎన్‌ఈహెచ్ గ్రాంట్లు రద్దయ్యాయని రాత్రికి రాత్రి లెటర్లు వెళ్లాయి, కౌన్సిళ్లకి ఆఫీసు నడుపుకోడానికి వచ్చే డబ్బు కూడా అందులో పోయింది, 56 కౌన్సిళ్లకీ కలిపి ఏడాదికి సుమారు 6.5 కోట్ల డాలర్లు వచ్చేవి. ఆ నెలాఖర్లోనే మెల్లన్ ఫౌండేషన్ అనే ప్రైవేట్ సంస్థ కౌన్సిళ్లకి 1.5 కోట్ల డాలర్లు ఎమర్జెన్సీకి ఇచ్చింది, పోయినదాంట్లో పావు వంతు కూడా కాదు అది. ఓరెగన్ కౌన్సిల్, కౌన్సిళ్ల ఫెడరేషన్ కలిసి కోర్టుకెళ్తే ఆగస్ట్‌లో అక్కడి ఫెడరల్ జడ్జి వాళ్ల వైపు తాత్కాలిక ఆర్డర్ ఇచ్చాడు. ఈ గందరగోళంలో చాలా కౌన్సిళ్లు చిన్న గ్రాంట్లు ఆపేశాయి, కొన్ని మళ్లీ తెరిచాయి, కొన్ని సైజు తగ్గించాయి. అందుకని వెబ్‌సైట్లో పాత పేజీ చూసి అప్లికేషన్ నింపడం మొదలెట్టకండి, ముందు ఫోన్ చెయ్యండి.

ఫోన్ అంటే మొహమాటపడతాం మనం, నాకు తెలుసు, ఆఫీసరు గారిని ఎలా డిస్టర్బ్ చేస్తాం అని. ప్రోగ్రామ్ ఆఫీసర్ అనే మనిషి ఉన్నదే మీ ఫోన్ ఎత్తడానికండీ. "ఈ ఏడాది చిన్న గ్రాంట్లు ఇస్తున్నారా, మా ఐడియా మీకు సరిపోతుందా, డ్రాఫ్ట్ పంపితే డెడ్‌లైన్‌కి ముందు చూసి చెప్తారా" అని మూడే ముక్కలు అడగండి. చాలాచోట్ల డ్రాఫ్ట్ చదివి చెప్తారు, ఆ సౌకర్యం వాడుకునేవాళ్లు పదిమందిలో ఇద్దరు కూడా ఉండరు. రిజెక్ట్ చేసిన ఫౌండేషన్‌కి కూడా ఒక మెయిల్ పెట్టి రివ్యూయర్ కామెంట్స్ ఇస్తారా అని అడగండి, ఇస్తే మంచిదే, ఇవ్వకపోయినా పోయేదేం లేదు.

కౌన్సిల్ తలుపు మూసుంటే డేటన్ ఫౌండేషన్ ఉంది, 1921 నుంచి ఉన్న కమ్యూనిటీ ఫౌండేషన్, ఊరి డబ్బు ఆ ఊరి కోసమే ఖర్చుపెట్టేది, అక్కడ మీ "డేటన్ డాక్టర్లు" ప్రశ్న ఇంకా బాగా పనికొస్తుంది. మన సాఫ్ట్‌వేర్ వాళ్లు ఒకటి మర్చిపోతారు, కంపెనీల మ్యాచింగ్. మీ బడికి పిల్లల్ని పంపే తల్లిదండ్రుల్లో ఎంతమంది కంపెనీల్లో డొనేషన్‌కి డొనేషన్ కలిపే స్కీమ్ ఉందో ఒక ఆదివారం లిస్ట్ రాయండి, కొన్ని కంపెనీలు వాలంటీర్ గంటలకి కూడా డబ్బిస్తాయి. మీ వారి ఐదొందలు వెయ్యి అయ్యే దారి అదే.

స్కాలర్ లేకపోతే ఈ అప్లికేషన్ నడవదు, అది ముందే తెలుసుకోండి. చరిత్రో, ఆంత్రోపాలజీయో, సాహిత్యమో చదివిన మనిషి ప్రాజెక్ట్‌లో ఉండాలి, చివర్లో వచ్చి దీపం వెలిగించడానికి కాదు, ప్రశ్నలు తయారు చేసే దగ్గర్నుంచీ. మీకు అదృష్టం ఏంటంటే రైట్ స్టేట్ యూనివర్సిటీ పక్కనే ఉంది, అక్కడ పబ్లిక్ హిస్టరీలో మాస్టర్స్ చెప్తారు, వాళ్ల లైబ్రరీలో రైట్ బ్రదర్స్ కాగితాలు దాచిన ఆర్కైవ్స్ విభాగం ఉంది. ప్రొఫెసర్‌కి మీ ఒక్క పేజీ పంపి, ఒక స్టూడెంట్‌కి ప్రాక్టికమ్ లాగా, అంటే చదువులో భాగంగా చేసే పనిలా, పనికొస్తుందా అడగండి, రికార్డింగులు చివరికి వాళ్ల ఆర్కైవ్స్‌లో పెట్టుకుంటారా అని కూడా అడగండి. రికార్డింగులు ఎక్కడ దాస్తారు అనేది ప్యానెల్ తప్పకుండా అడిగే ప్రశ్న, "మా ట్రెజరర్ గారి హార్డ్ డిస్క్‌లో" అని రాసినవాళ్లని నేను చూశా. సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్ కూడా ఉంది, 2008లో పెట్టారు, ఫిలడెల్ఫియాలో, వాళ్లు మనలాంటి కుటుంబాల ఫొటోలు, ఉత్తరాలు, ఇంటర్వ్యూలు ఆన్‌లైన్‌లో అందరికీ కనబడేలా పెడతారు, వాళ్లకీ రాయండి.

బడ్జెట్ నేనొక ముక్క వేసి చూశా, మీరు మార్చుకోండి. రికార్డర్, రెండు కాలర్ మైకులు 600. పన్నెండు మంది, మనిషికి గంటన్నర, 18 గంటల ఆడియో, టైపింగూ ఇంగ్లీషు అనువాదమూ గంటకి 90 చొప్పున 1,620. స్కాలర్‌కి 1,000, స్టూడెంట్‌కి 800, లైబ్రరీలో పెట్టే ప్రదర్శన బోర్డుల ప్రింటింగ్ 700. మొత్తం 4,720. పుస్తకం ఈ ఏడాది వద్దు. ఆ 90 తక్కువేమో అని నాకే అనుమానం, ఎందుకంటే మన పెద్దాళ్లు ఒకే వాక్యంలో కృష్ణా జిల్లా యాస, మెడికల్ ఇంగ్లీషు, మధ్యలో ఒక పద్యం ముక్క కలిపి మాట్లాడతారు, ఆటోమేటిక్ సాఫ్ట్‌వేర్ "నాయనా" ని ఏదో మనిషి పేరు అనుకుంటుంది. మా సంస్థలో ఇలాంటి ఇంటర్వ్యూలు చేసినప్పుడు మాకు గంట ఆడియోకి ఆరేడు గంటలు పట్టేది.

మ్యాచ్ అడుగుతారు, అంటే మీ వైపు నుంచి ఎంత పెడతారని. భయపడకండి, చాలాచోట్ల వాలంటీర్ పని లెక్కేస్తారు. ఇండిపెండెంట్ సెక్టర్ అనే సంస్థ ఏటా వాలంటీర్ గంటకి విలువ కడుతుంది, 2023కి కట్టింది 33.49 డాలర్లు. పన్నెండు ఇంటర్వ్యూలకి ఇద్దరేసి, నాలుగేసి గంటలు అంటే 96, అనువాదం సరిచూడ్డానికి 60, కలిపి 156 గంటలు, దాదాపు 5,200 డాలర్లు మీరు పెట్టినట్టే. కానీ మొదటిరోజు నుంచీ ఎవరు ఎన్ని గంటలు చేశారో తేదీ, సంతకంతో రాసుకోండి, చివర్లో కూర్చుని గుర్తు తెచ్చుకుని రాస్తే ఇట్టే తెలిసిపోతుంది.

కాగితాల్లో మూడు చూసుకోండి. ఒకటి, 501సీ3, అంటే ట్యాక్స్ లేని నాన్‌ప్రాఫిట్ అనే మీ గుర్తింపు, ఇంకా బతికే ఉందా. మీ ఆదాయం ఏడాదికి 50,000 లోపే కాబట్టి 990-ఎన్ అనే పోస్ట్‌కార్డ్ లాంటి చిన్న ఫారం ఆన్‌లైన్‌లో వేస్తే చాలు, కానీ వరసగా మూడేళ్లు వెయ్యకపోతే స్టేటస్ దానంతటదే పోతుంది. మాకు పోయింది! ట్రెజరర్లు మారారు, నేను వేశారనుకున్నా, ఆయన నేను వేశాననుకున్నారు, ఒక గ్రాంట్ వచ్చేముందు వాళ్లు చెక్ చేస్తే బయటపడింది, మళ్లీ తెచ్చుకోడానికి ఫీజు, ఎనిమిది నెలలు, నా పరువు. రెండోది యూఈఐ నంబర్, ఫెడరల్ గవర్నమెంట్ దగ్గర మీ సంస్థకి ఉండే గుర్తింపు నంబర్, ఫెడరల్ డబ్బు చేతులు మారి వచ్చినా ఇది అడుగుతారు, శామ్ డాట్ గవ్ సైట్లో ఫ్రీగానే ఇస్తారు, డబ్బు కడితే మేం చేయిస్తాం అని మెయిల్స్ వస్తాయి, నమ్మకండి. సంస్థ పేరు అన్ని కాగితాల్లో అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉందో లేదో చూసుకోండి, ఇక్కడే వారాలు పోతాయి. మూడోది, మొత్తం డబ్బు ముందే ఇవ్వరు చాలామంది, కొంత చివర్న రిపోర్ట్ ఇచ్చాకే, కాబట్టి బ్యాంకులో వెయ్యి డాలర్లన్నా చేతిలో ఉంచుకోండి.

రికార్డింగ్ వాడుకోడానికి ఒప్పుకుంటున్నాం అని ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్లు ఫారం మీద పెట్టే సంతకం గురించి ఒక్క మాట. పెద్దాళ్లు "మన మధ్య సంతకాలేంటమ్మా" అంటారు, నవ్వేసి వదిలెయ్యకండి. ఒకాయన మాకు ఎంతో ప్రేమగా రెండు గంటలు మాట్లాడారు, మధ్యలో ఊళ్లో అన్నగారితో పొలం గొడవ కూడా చెప్పేశారు, తర్వాత వాళ్లబ్బాయి ఫోన్ చేసి మొత్తం తీసెయ్యమన్నాడు, సంతకం సరిగ్గా తీసుకోలేదు కాబట్టి మొత్తం తీసేశాం. ఫారం తెలుగులో కూడా చెయ్యండి, "ఈ భాగం పదేళ్లదాకా బయటపెట్టొద్దు" అనే గడి ఒకటి పెట్టండి, ఇంటర్వ్యూ అయ్యాక చదివి వినిపించి సంతకం పెట్టించండి.

అన్నిటికంటే ముఖ్యమైంది, గ్రాంట్ కోసం ఆగకండి. అప్లికేషన్, రివ్యూ, అగ్రిమెంట్ అయ్యేసరికి తేలిగ్గా ఆరేడు నెలలు. అవార్డ్ తేదీకి ముందు పెట్టిన ఖర్చు వాళ్లు ఇవ్వరు కాబట్టి ఇప్పుడు ఖర్చు లేకుండా చేసేది చెయ్యండి, మీ లిస్టులో అందరికంటే పెద్దావిడ ఎవరో చూసి ఈ శనివారం పొద్దున్నే ఫోన్ పట్టుకుని వాళ్లింటికి వెళ్లండి. ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి ఆవిడకి దగ్గరగా టేబుల్ మీద టవల్ మడిచి దాని మీద పెట్టండి, ఫ్రిజ్ పక్కన కూర్చోకండి. "మీరు దిగిన రోజు ఏం కట్టుకున్నారు" అని మొదలెట్టండి, "మీ జీవితం గురించి చెప్పండి" అని కాదు. అందులోంచి రెండు నిమిషాలు కత్తిరించి, కింద ఇంగ్లీషు అక్షరాలు వేసి, అప్లికేషన్‌తో పంపండి, మీ పద్నాలుగు పేజీల కంటే అదే గట్టిగా మాట్లాడుతుంది. ఆ, వంటింట్లో కుక్కర్ ఉంటే ముందే కట్టెయ్యమనండి. మా మొట్టమొదటి రికార్డింగ్‌లో ఒకావిడ మొదటి మంచు చూసిన రోజు గురించి చెప్తుంటే మధ్యలో మూడు విజిల్స్ ఉన్నాయి, ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఆ కుర్రాడెవరో నిజాయితీగా మూడుసార్లూ రాసిపెట్టాడు.